బకెట్ల టీముకి షార్ట్‌స్టాప్

బేస్‌బాల్ ఆటగాళ్ళను వెతికిపెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబితే మా రంగూన్ తెలుగువాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తరవాత మా ఆవిడ మొహం చూస్తారు. ఆవిడ తల ఊపితే అప్పుడు నమ్ముతారు. ఒక్కోసారి కావాలనే ఊపదు. బోర్డుల మీద యాంగోన్ అని రాసినా మా ఇళ్ళల్లో ఇది ఇప్పటికీ రంగూనే. ఈ ఊళ్ళో మనవాళ్ళు ఓడరేవులో చేశారు, రైల్వేలో చేశారు, ఇప్పుడు బ్యాంకుల్లోనూ ఆస్పత్రుల్లోనూ సెల్‌ఫోన్ కొట్లలోనూ చేస్తున్నారు. బంతి పట్టేవాణ్ణి వెతికి జీతం పుచ్చుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ మాటలో అతిశయోక్తి లేదు. ఇక ముందు రాయబోయే వాటికి అంత గట్టి హామీ ఇవ్వలేను.

ఈ మధ్య ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "ఊ అప్పారావ్, మేము కూడా ఈ పనిలోకి దిగుదామనుకుంటన్నాం. ఏటి సదవాలి?" అన్నారు. (పేరు ముందు 'ఊ' అన్నది ఇక్కడ పెద్దవాళ్ళకిచ్చే గౌరవం. నాకు పొట్ట వచ్చాక ఇచ్చారు.) చదవడానికేమీ లేదు, చూడడమే అన్నాను. ఏం చూడాలన్నారు. దానికి జవాబు టీ చల్లారేలోపు చెప్పలేక, ఇలా రాస్తున్నాను.

అసలు పని

మాది ఒక ప్లాస్టిక్ బకెట్ల కంపెనీ టీము. ఆటగాళ్ళకి నెల జీతాలు, పండక్కి తలా ఒక బకెట్టు. టీముకి ఇంగ్లీషులో సింహాలూ డేగలూ ఉన్న పెద్ద పేరే ఉండేది గాని, ఊరంతా మమ్మల్ని బకెట్ల టీమనేది. మా బద్ధశత్రువులు సబ్బుల కంపెనీ వాళ్ళు. మా రెండు టీములకీ మ్యాచ్ అంటే చూడ్డానికి జనం ఎంతగా వచ్చేవారంటే, ఒక్కోసారి కుక్కలకి కూర్చునే చోటుండేది కాదు.

నా పని పొద్దున్నే లేచి టీ కొట్టులో కూర్చోవడం. నవ్వకండి. ఈ పనిలో సగం టీ కొట్టులోనే జరుగుతుంది. గాజు గ్లాసు బల్ల మీంచి జారినప్పుడు ఎవడి చెయ్యి ముందు వెళుతుందో చూడాలి. జారినాక అరిచేవాడు మనకొద్దు. జారకముందే అరిచేవాడు అసలొద్దు. అరవకుండా పట్టుకునేవాడు కావాలి. అలా చూస్తూ నేను తాగిన టీ మొత్తం పోస్తే రంగూన్ నది పక్కన ఇంకో నది పారుతుంది, దానికీ ఒక పడవల రేవు కట్టొచ్చు.

యజమాని ఊ సో గురించి ఉన్నమాట చెప్పాలి. మనిషి మంచివాడు. జీతం ఒక్క నెల ఆలస్యం చెయ్యలేదు. కాని ప్రపంచంలోని ప్రతి విషయాన్నీ ఆయన బకెట్టుతోనే కొలిచేవాడు. కొత్త ఆటగాడు వస్తే బకెట్టు నిండా నీళ్ళు పోయించి, పట్టుకుని నాలుగు బేసులూ చుట్టి రమ్మనేవాడు. నీళ్ళు ఒలికితే ఉద్యోగం లేదు. అలా ఎంపికైన ఒకాయన ఒక్క చుక్క ఒలక్కుండా చుట్టి వచ్చాడు. తరవాత మ్యాచ్‌లో కూడా అంత నిదానంగానే చుట్టాడు. యజమాని పద్ధతిని ఎదిరించకండి, పక్కన నిలబడి మీ పద్ధతి మీరు కానివ్వండి. ఈ పనిలో యజమానులతో బతికే మార్గం అదొక్కటే నాకు తెలిసింది.

ఉన్నవాడు వెళ్ళిపోతే

మా షార్ట్‌స్టాప్ ఒకరోజు మలేషియాలో రబ్బరు గ్లవ్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఒక్క గ్లవ్‌తో బతికినవాడికి రోజుకి లక్ష గ్లవ్స్ కనిపిస్తాయంటే ఎవడాగుతాడు. 

షార్ట్‌స్టాప్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవాడు బ్యాటు పారేసి ఫస్ట్ బేస్‌కి పరిగెడతాడు. వాడు చేరేలోపు బంతి అక్కడున్న మనవాడి చేతిలో పడితే వాడు ఔట్. పడకపోతే, నాలుగు బేసులూ చుట్టొచ్చాక వాళ్ళకో పరుగు. కొట్టిన బంతుల్లో ఎక్కువ భాగం నేల మీద దొర్లుకుంటూ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఖాళీలోకి వస్తాయి. ఆ ఖాళీలో నిలబడేవాడే షార్ట్‌స్టాప్. వంగాలి, పట్టాలి, లేవాలి, గ్రౌండుకి అడ్డంగా ఫస్ట్ బేస్‌కి విసరాలి. ఇదంతా మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు అయిపోవాలి. క్రికెట్‌లో పాయింటు, కవరు, మిడ్‌వికెట్టు ముగ్గుర్నీ కలిపి ఒక్క జీతానికి పెట్టుకుంటే వచ్చేవాడన్నమాట.

వెతికాను. మొదట దొరికినవాడు చిన్‌లోన్ ఆటగాడు. చిన్‌లోన్ అంటే బెత్తం బంతిని కాళ్ళతో తన్నుతూ నేల తాకనివ్వకుండా ఆడే బర్మా ఆట. ఆ కాళ్ళు చూసి నాకు మతిపోయింది. మడమతో, మోకాలితో, అరికాలితో ఆ బంతిని ఆడిస్తుంటే అది పెంపుడు పిల్లిలా ఒళ్ళంతా తిరిగేది. తెచ్చి షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టాను. నేల మీద వచ్చిన మొదటి బంతిని కాలి వేళ్ళతో లేపి, మోకాలి మీద ఆపి, భుజం వెనకనించి మడమతో తన్ని మళ్ళీ మోకాలి మీదికి తెచ్చాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. కొట్టినవాడు ఈలోగా నాలుగు బేసులూ చుట్టి, తిరిగొచ్చి తనూ చప్పట్లు కొట్టాడు.

"అంత బాగా ఆపినావు, మరి ఇసరవేటి?" అన్నాను.

"ఊలే, అంత బాగా ఆడతన్నదాన్ని ఒదిలీడానికి మనసొప్పలేదు," అన్నాడు. ఊలే అంటే బర్మాలో బాబాయి.

అతని తప్పేం లేదు. తప్పు నాది. ఆటగాణ్ణి చూసి ముచ్చటపడటం వేరు, మనక్కావలసిన పనికి సరిపోతాడా అని చూడటం వేరు. ఈ రెండిటికీ తేడా తెలిసేసరికి నాకు జుట్టు ఊడిపోయింది.

బోటాటౌంగ్ రేవులో

ఇక యజమాని రోజూ ఫోను. చివరికి దిక్కు తోచక ఒక పొద్దున్న బోటాటౌంగ్‌లో నది ఒడ్డున నడుస్తున్నాను. మా తాతలు మూటలు మోసిన రేవు అది. ఆ పూట నది అవతలి ఊళ్ళనించి మట్టికుండల పడవ వచ్చింది. పడవలో ఒకడు, బల్ల మీద ఒకడు, గట్టు మీద ఇద్దరు వరసగా నిలబడి కుండల్ని ఒకరికొకరు అందిస్తున్నారు. అందిస్తున్నారంటే చేతికివ్వడం కాదు, గాల్లోకి వదలడం.

పడవలోవాడి కాలు జారింది. కుండ పక్కకి, కిందికి, నేరుగా బురద మీదికి పోయింది. గట్టు మీద లుంగీ ఎగ్గట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఒక అడుగు వేసి, వంగి, ఎడంచేతిని బురదకి ఆనించి, వస్తున్న కుండతో పాటే చేతిని వెనక్కి లాక్కుంటూ దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు. వేలితో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బీట లేదని తేలాక పక్కవాడికి వదిలాడు. నా గుండె ఆ క్షణంలో చేసిన చప్పుడుకి రేవులో ఇంజను స్టార్టయిందనుకుని ఒక పడవవాడు వెనక్కి చూశాడు.

మొహానికి బర్మావాళ్ళు గంధంలా అరగదీసి రాసుకునే తనకా చెక్క పూత ఉన్నా ముక్కు మాత్రం మనవాళ్ళదే. అడిగాను.

"బావూ, తెలుగొస్తాదా?"

"అర్తమౌతాది. మాటాడ్డం సగం సగం."

"మిగతా సగం?"

"బర్మా. మా అమ్మ బర్మా, నాన్నోళ్ళది తెలుగు."

పేరు నైంగ్. జేబులోంచి బేస్‌బాల్ తీసి చెప్పకుండా అతని మోకాలి పక్కకి విసిరాను. చూడకుండానే పట్టాడు. పట్టి, వేలితో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది కుండ కాదు బావూ."

"తెలుసు. అలవాటు."

"దీన్ని పట్టుకున్నందుకు నెలనెలా జీతం ఇస్తారు. వస్తావా?"

"పగిలితే జీతంలో కోస్తారా?"

"పగల్దు."

అతను బంతిని ఇంకోసారి చెవి దగ్గర పెట్టుకుని, "ఐతే ఒస్తాను," అన్నాడు.

మెత్తని బంతి

మా గ్రౌండు విమానాశ్రయం ఉన్న మింగళాడోన్‌లో, కంపెనీ పక్కనే. విమానాలు తలమీంచి ఎంత కిందుగా పోతాయంటే, కిటికీ పక్క సీటువాడు ఏం తింటున్నాడో చెప్పొచ్చు. మొదటి రోజు నైంగ్ గ్రౌండులోకి వస్తూనే ఫస్ట్ బేస్ దగ్గరున్న మనిషిని చూసి ఆగిపోయాడు. ఛాతీ మీద చేతులు కట్టుకుని తల వంచాడు. "సయా," అన్నాడు.

సయా అంటే గురువు. ఆయన పేరు ఊ టున్. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. బోటాటౌంగ్‌లో చిన్నపిల్లలకి లెక్కలు చెప్పేవాడు, నైంగ్‌కి ఎక్కాలు నేర్పింది ఆయనే. బడి ఉద్యోగం వదిలేశాక మా టీములో చేరాడు. మాకు వేరే కోచ్ లేడు. కుర్రాళ్ళకి ఆట నేర్పేదీ, తిట్టేదీ, జ్వరమొస్తే ఇంటికెళ్ళి చూసొచ్చేదీ ఆయనే. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకి మిగిలిన తరగతి గది ఆ ఫస్ట్ బేసే. ఊ సోకి మాత్రం ఆయన వయసు నచ్చేది కాదు. తీసెయ్యడానికి ఒక కారణం కోసం ఎప్పట్నించో చూస్తున్నాడు.

నైంగ్ బంతులు పట్టడం మొదలెట్టాడు. నేను బ్యాటుతో ఎటు కొట్టినా అక్కడే ఉన్నాడు. రాయి తగిలి ఎగిరినదాన్ని పట్టాడు, కుక్క కాళ్ళ మధ్యనించి వచ్చినదాన్ని పట్టాడు. ఇక మిగిలింది విసరడం. ఫస్ట్ బేస్ వైపు తిరిగాడు. కింది చేత్తో, మెత్తగా, పువ్వుల బుట్ట అందించినట్టు వదిలాడు. ఆ బంతి దారిలో రెండుసార్లు విశ్రాంతి తీసుకుని సయా చేతిలోకి చేరేసరికి, పరిగెత్తేవాడు ఫస్ట్ బేస్ మీద కూర్చుని లుంగీ సర్దుకుంటున్నాడు.

కుండల అలవాటు అన్నాన్నేను. కుండని గట్టిగా విసరరు కదా. ఊ సో ఒప్పుకున్నాడు. ఇక వైద్యం మొదలైంది. చేతికి ఇసక సంచులు కట్టి తిప్పించాను. తడి బట్టల్ని గోడకేసి కొట్టించాను, దాంతో కంపెనీ క్వార్టర్సులో సగం బట్టలు ఉతికిపోయాయి. నైంగ్ భుజం ఎద్దు మూపురంలా తయారైంది. ఫస్ట్ బేస్‌కి బంతి మాత్రం అలాగే, పువ్వుల బుట్టే. మధ్యలో ఒకసారి బ్యాటువాడి వెనక, హోం బేస్ దగ్గరుండే క్యాచర్‌కి విసిరిన బంతి తుపాకీ గుండులా పోయింది. దానికి గాలి కారణమని అందరం కలిసి తేల్చాం.

కళ్ళముందున్నదాన్ని కాదని మనకిష్టమైన కారణాన్ని పట్టుకు వేలాడటం ఈ వృత్తిలో అందరికీ వచ్చే జబ్బు. విసిరే చెయ్యి చూశాం. ఎవరికి విసురుతున్నాడో చూడలేదు.

నా ఛాతీ తెలుసుకున్న నిజం

సబ్బులవాళ్ళతో మ్యాచ్ ఆదివారం. గురువారం నాడు సయాకి పంటినొప్పి వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ప్రాక్టీసుకి మనిషి లేక ఫస్ట్ బేస్‌లో నేను నిలబడ్డాను. ఎలాగూ మెత్తగానే వస్తుంది కదా అని గ్లవ్ కూడా సరిగ్గా తొడుక్కోలేదు. ఒక చేత్తో ఫోను చూసుకుంటున్నాను.

తరవాత నాకు గుర్తున్నది ఆకాశం. బంతి నా ఛాతీకి తగిలిన చప్పుడు ఎక్కడో ఊరి నడిబొడ్డున చౌక్తడాలో కోర్టు గుమాస్తాలకి వినబడిందని తరవాత చెప్పారు. చెప్పింది నేనే, కాని వాళ్ళెవరూ కాదనలేదు.

నైంగ్ పరిగెత్తుకొచ్చి లేవదీశాడు.

"ఏటి బావూ," అన్నాను ఊపిరి దొరికాక, "సయాకి పువ్వులా ఏస్తావు. నన్ను మాత్రం సంపీడానికి సూసినావేటి?"

"ఆయన సయా కదా ఊలే. ఆయన మీదికి ఎలా ఇసురుతాను?"

"మరి నేను?"

"మీరు నాకు సదువు సెప్పలేదు కదా."

"పెద్దోణ్ణి కానేటి?"

"పెద్దోరే. అందుకే కొంచెం సూసి ఇసిరేను."

ఇక్కడ పెరిగినవాళ్ళకి దీంట్లో వివరించాల్సిందేం లేదు. బర్మాలో గురువుని దేవుడి వరసలో కూర్చోబెడతారు. ఆయనకి కాగితం ముక్క ఇవ్వాలన్నా కుడిచేతి మోచేయి కింద ఎడంచెయ్యి పెట్టి, కొంచెం వంగి ఇస్తారు. మన ఇళ్ళల్లో మాత్రం పెద్దవాళ్ళకి తాళంచెవి విసిరితే ఊరుకుంటారా. అలాంటిది రాయిలాంటి బంతిని గురువు గుండెకి గురిపెట్టి శక్తికొద్దీ కొట్టమని మేము రోజూ నేర్పుతున్నాం. ఆ బిడ్డ రెండు చేతులతో అందించలేక, దగ్గర్లో ఉన్న మర్యాద ఏదో చేస్తున్నాడు.

నాకు ఆనందం ఆగలేదు. నొప్పి కూడా. ఛాతీ పట్టుకుని గట్టు మీదున్న ఊ సో దగ్గరికి పరిగెత్తాను. జబ్బు దొరికింది, చేతిలో కాదు, మర్యాదలో ఉంది, సయా కాక ఇంకెవరున్నా పిడుగులా విసురుతాడు అని మొత్తం చెప్పేశాను.

ఆయన విని, "మంచిది. ఐతే సయాని తీసెయ్," అన్నాడు.

ఆయన కోపంగా అనలేదు, బకెట్టుకి చిల్లుంటే పక్కన పెట్టమన్నట్టు అన్నాడు. "ఆదివారం వరకు చూస్తాను. ఆ రోజు కూడా బంతులు అలాగే వస్తే సోమవారం నించి ఫస్ట్ బేస్‌లో కొత్తవాడు."

ఇంటికెళితే మా ఆవిడ ఛాతీకి మందు రాస్తూ, "ఎవుడు కొట్టినాడు?" అంది.

"మా కొత్త షార్ట్‌స్టాప్."

"ఇన్నాళ్ళకి ఓ మంచోణ్ణి తెచ్చినావు," అంది.

కొబ్బరికాయ, అరటిపళ్ళు

ఆ సాయంత్రమే సయాని టీ కొట్టులో కలిశాను. ఒక బుగ్గ పనసకాయలా ఉబ్బింది. విషయం చెప్పాను. ఆయన చాలాసేపు టీలో చెంచా తిప్పాడు.

"నైంగ్‌కి చెప్పకు," అన్నాడు చివరికి. ఆయన మాట్లాడేది బర్మీసే, నేను తెలుగు చేస్తున్నాను. "చెబితే వాడు నాకోసం టీము వదిలి వెళ్ళిపోతాడు. మళ్ళీ కుండల దగ్గరికే పోతాడు. నేను పోతే మీకు ముసలివాడు పోతాడు. వాడు పోతే షార్ట్‌స్టాప్ పోతాడు. తీసివేత నువ్వే చేసుకో."

"మరి మీరేం చేస్తారు?"

"చూడాలి," అన్నాడు. టీ తాగకుండానే లేచాడు. పంటినొప్పి వల్ల కాదని నాకు తెలుసు.

నాకు అన్నం సయించలేదు. ఈ మాట మా ఆవిడ ఒప్పుకోదు, రెండోసారి పెట్టించుకున్నానంటుంది. ఎంత ఆలోచించినా, నైంగ్‌కి ఆ మర్యాద మానమని చెప్పడానికి నోరు రాలేదు. మాననక్కర్లేని దారి ఏదైనా ఉందా అని వెతికాను. ఉంది. అది రోజూ కళ్ళముందే ఉంది.

బర్మా వాళ్ళు దీపాల పండక్కి పెద్దల దగ్గరికీ గురువుల దగ్గరికీ కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు నేలకి తల ఆనించి, తెలిసీ తెలియకా చేసిన తప్పులు క్షమించమని అడుగుతారు. కడో అంటారు దాన్ని. పెద్దాయన క్షమించి దీవిస్తాడు, లెక్క సరిపోతుంది. పరీక్షలకి ముందు, ప్రయాణాలకి ముందు కూడా చేస్తారు.

మర్నాడు నైంగ్‌ని పక్కకి తీసుకెళ్ళాను.

"కడో సేసేది సేసిన తప్పులకే కదా బావూ?"

"అవును."

"సెయ్యబోయే తప్పులకి ముందే అడిగీసుకుంటే?"

అతను నోరు తెరిచి నన్ను చూశాడు. "అలాగ అడగొచ్చేటి?"

"అడగొద్దని ఎవరైనా అన్నారా? ఇచ్చేది నువ్వూ కాదు, నేనూ కాదు. ఆయన ఇస్తే ఇస్తాడు."

ఆలోచించాడు. "ఇయ్యకపోతే?"

"అప్పుడు పువ్వులే ఏసుకో."

శనివారం ప్రాక్టీసుకి మా ఆవిడ అమ్మవారికని తెచ్చిన కొబ్బరికాయ, అరటి గెల ఎత్తుకొచ్చాను. "అమ్మోరికేటి సెప్పమంటావు?" అంది వెనకనించి. "ఫస్ట్ బేస్ కోసం తీసుకెల్లినాడని సెప్పు," అన్నాను. 

సయాకి ముందు చెప్పలేదు. గ్లవ్‌కి కొత్త తాడు బిగించుకుంటూ వచ్చాడు. రేపటితో అయిపోతుందని తెలిసినవాడు గ్లవ్‌కి కొత్త తాడు ఎందుకు బిగిస్తాడో నేనడగలేదు. ఫస్ట్ బేస్ పక్కన బకెట్టు బోర్లించి, కూర్చోమన్నాను. కూర్చున్నాడు. నైంగ్ కొబ్బరికాయ, పళ్ళు ముందు పెట్టి, చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు వంగాడు. టీమంతా చుట్టూ చేరింది. నా అంచనాలో సబ్బుల కంపెనీ గూఢచారులు కూడా ఉన్నారు.

"సయా," అన్నాడు నైంగ్ తల ఎత్తకుండా, "రేపు మీ మీదికి నేను విసరబోయే బంతులకి నన్ను క్షమించండి."

సయా నా వైపు చూశాడు. నేను విమానం చూస్తున్నట్టు పైకి చూశాను. విమానం లేదు.

"ఎన్ని?" అన్నాడు సయా.

"తెలీదు సయా. ఎన్ని వస్తే అన్ని."

"ఎంత గట్టిగా?"

"నా చేతిలో ఉన్నంత."

సయా కళ్ళు మూసుకున్నాడు. దీవెన మొత్తం చదివాడు, ఆరోగ్యం, ఆయుష్షు, అన్నీ. ఉబ్బిన బుగ్గతో సగం మాటలు నాకర్థం కాలేదు. కళ్ళు తెరిచాక, లెక్కలు చెప్పే గొంతుతో అన్నాడు: "గట్టిగా వేసినవన్నీ ఇప్పుడే క్షమించేశాను. మెత్తగా వేసినవి మాత్రం క్షమించను."

నైంగ్ తల అప్పుడెత్తాడు.

ఆదివారం

మ్యాచ్ వివరాలన్నీ రాస్తే ఈ పుస్తకం సరిపోదు. సబ్బులవాళ్ళు కొట్టిన మొదటి బంతే నైంగ్ వైపు దొర్లింది. వంగాడు, పట్టాడు, లేచాడు. చెవి దగ్గర పెట్టుకోలేదు. చెయ్యి వెనక్కి పోయి ముందుకొచ్చింది, మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు. సయా గ్లవ్‌లో పడ్డ చప్పుడుకి దిగబోతున్న విమానం ఇంకో చుట్టు తిరిగింది. పరిగెత్తేవాడు సగం దారిలోనే ఉన్నాడు.

సయా బంతి తీసి, గ్లవ్ విప్పి, అరచెయ్యి చూసుకున్నాడు. నైంగ్ తన చోటు వదిలి ఆయన వైపు రెండడుగులు వేశాడు. సయా అటు చూడకుండా బంతిని మా బౌలరుకి, అంటే పిచర్‌కి విసిరి, గ్లవ్ తొడుక్కున్నాడు. నైంగ్ ఆగి వెనక్కి వెళ్ళాడు.

నాలుగో ఇన్నింగ్స్ దాకా (బేస్‌బాల్‌లో ఇన్నింగ్సులు తొమ్మిది) అలాగే సాగింది. అప్పుడు రెండు బంతుల మధ్య సయా చెయ్యి విదిలించుకోవడం నైంగ్ చూశాడు. తరవాతి బంతి మెత్తగా వచ్చింది, పాత పువ్వుల బుట్ట. పరిగెత్తినవాడు నడుచుకుంటూ ఫస్ట్ బేస్ చేరాడు. గట్టు మీద నా పక్కన కూర్చున్న ఊ సో, "చూశావా," అన్నాడు. నేను చూడలేదన్నాను. సయా నైంగ్ వైపు తిరిగి ఒక్క వేలు పైకెత్తి చూపించాడు. బడిలో తప్పు లెక్క చేసినవాడికి చూపించే వేలు అది. ఆ వేలు చూసి నేను కూడా సర్దుకు కూర్చున్నాను.

అక్కణ్ణించి ఇక మెత్తనిది లేదు. చివరి ఇన్నింగ్స్‌లో మాది ఒక్క పరుగు ఎక్కువ, వాళ్ళ మనిషి మూడో బేస్‌లో సిద్ధంగా ఉన్నాడు, ఇంకో ఔటు కావాలి. బంతి నైంగ్‌కి చాలా దూరంగా, ఎడమ పక్కనించి దూసుకుపోతోంది. పడిపోతూ అందుకున్నాడు. మోకాళ్ళ మీద ఉండగానే విసిరాడు. సయా ఒక కాలు బేస్ మీద ఉంచి, రెండో కాలు సాగదీసి, ఆ వయసులో మనిషి ఇంటికి తిరిగి వెళ్ళలేనంతగా సాగి, అందుకున్నాడు. అంపైర్ చెయ్యెత్తాడు.

కుర్రాళ్ళు నైంగ్‌ని ఎత్తుకున్నారు. అతను దిగి సయా దగ్గరికి వెళ్ళాడు. నేనూ, ఊ సో కూడా దిగి వెళ్ళాం. సయా ఎడంచెయ్యి తాంబూలం నమిలిన నోరంత ఎర్రగా ఉంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. అది చూసి నైంగ్ మొహం వాడిపోయింది, మళ్ళీ వంగబోయాడు.

"లే," అన్నాడు సయా. "ఇందులో మెత్తవి ఎన్ని?"

"ఒకటి, సయా. నాలుగో ఇన్నింగ్స్."

"అది క్షమించలేదు. రేపు పొద్దున్నే రా. దాని బదులు గట్టిది ఒకటి వేసి వెళ్ళు."

రేపంటే సోమవారం. నేను ఊ సో వైపు చూశాను. ఆయన ఆ చేతినీ, ఆ కుర్రాణ్ణీ మార్చిమార్చి చూశాడు. తరవాత జేబులు తడుముకున్నాడు.

"గేటు తాళం నా దగ్గరుంది సయా," అన్నాడు. "ఎన్నింటికి తియ్యమంటారు?"